2022 నోబెల్‌తో గుప్త చరరాశుల కథ ముగిసినట్టేనా?

ముగియలేదు. గుప్త చరరాశులంటే, కణాలను కొలిస్తే వచ్చే ఫలితాలను ముందే నిర్ణయించే, క్వాంటం సిద్ధాంతంలో కనిపించని దాగిన వివరాలు; అలాంటివి ఉండాలన్నది ఐన్‌స్టీన్ వాదన. అలాన్ ఆస్పె, జాన్ క్లౌజర్, ఆంటన్ జైలింగర్‌లకు జంట కాంతి కణాలపై చేసిన ప్రయోగాలకు భౌతికశాస్త్ర నోబెల్ ప్రకటించినప్పటి నుంచి "ఐన్‌స్టీన్ ఓడిపోయాడు, గుప్త చరరాశులు లేవని తేలిపోయింది" అన్న మాట వింటూనే ఉన్నాను. విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. ఆ ప్రయోగాలు కొట్టిపారేసింది స్థానికతకు, అంటే ఒక చోట జరిగేది దూరాన ఉన్నదాన్ని తక్షణం ప్రభావితం చేయదన్న నియమానికి, కట్టుబడిన గుప్త చరరాశులను మాత్రమే.

ఎమ్మెస్సీలో మా పాఠ్యపుస్తకం ఈ విషయాన్ని ఒక్క పేరాతో సరిపెట్టింది. ఒక రాత్రి హాస్టల్లో మిత్రుడు పట్టుబట్టాడు: "చెప్పుల జతను విడదీసి రెండు పెట్టెల్లో పంపితే, ఒకటి తెరవగానే రెండో దానిలో ఏముందో తెలిసిపోతుంది. ఇందులో వింతేముంది?" వాదన ఆపి కాగితం తీశాం. జంట ఫోటాన్లు (కాంతి కణాలు) చెరో దిక్కుకు వెళతాయి. రెండు వైపులా పోలరైజర్‌ను (ఫోటాన్‌ను దాటనిచ్చే లేదా ఆపే పలకను) 0, 60, 120 డిగ్రీల్లో ఏదో ఒక కోణంలో పెడతారు. కోణాలు ఒకటే అయితే ఫలితాలు ఎప్పుడూ కలుస్తాయి. చెప్పుల లెక్కే నిజమైతే, ఫోటాన్లు బయలుదేరేటప్పుడే మూడు కోణాలకూ 'దాటు' లేదా 'ఆగు' అని జవాబులు నిర్ణయమై ఉండాలి. అలాంటి జాబితాలు ఎనిమిదే. ఉన్నవి రెండు రకాల జవాబులే కాబట్టి ఏ జాబితాలోనైనా మూడింటిలో కనీసం రెండు ఒకేలా ఉంటాయి. అంటే కోణాలు వేరైనప్పుడు కూడా కనీసం మూడో వంతు సార్లు ఫలితాలు కలవాలి. క్వాంటం లెక్క ఇచ్చేది నాలుగో వంతే! మిత్రుడు తొమ్మిదో జాబితా ఏదైనా మిగిలిందేమోనని చాలాసేపు వెతికాడు. 1964లో భౌతిక శాస్త్రవేత్త జాన్ బెల్ చూపించిన వైరుధ్యం సారం ఇదే. ప్రయోగాలు దాదాపు అన్నీ క్వాంటం పక్షానే నిలిచాయి.

దూరాన ఉన్న ఫోటాన్ల మధ్య ఈ సంబంధాన్ని పట్టుకుని కాంతిని మించిన వేగంతో సందేశాలు పంపవచ్చని చెప్పే వీడియోలు మరో బాధ. ఒక వైపు ఫలితాలు మాత్రమే చూస్తే సగం సగం యాదృచ్ఛికమే. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టేదాకా ఏ సంబంధమూ కనిపించదు.

నా అసలు గోడు భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్ గురించి. గుప్త చరరాశులు అసాధ్యమని 1932లో గణిత శాస్త్రవేత్త వాన్ నాయ్‌మన్ రుజువు ఇచ్చాడు. అందులోని లోపాన్ని 1935లోనే గ్రేటె హెర్మన్ ఎత్తి చూపితే పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1952లో బోమ్ ఆ అసాధ్యాన్ని చేసి చూపించాడు: కణానికి ఎప్పుడూ ఒక స్థానం ఉంటుంది, దాని వేగం దూరాన ఉన్న జంట కణం స్థానంపై కూడా ఆధారపడుతుంది. స్థానికత లేదని దాచకుండా చెప్పే సిద్ధాంతం అది. బెల్ తన ప్రశ్నకు చేరుకున్నది దీన్ని చదివాకే. తరగతిలో కనీసం జంట చీలికల ప్రయోగానికి (రెండు సన్నని చీలికల గుండా కణాలను తెరపైకి పంపే ప్రయోగం) బోమ్ సిద్ధాంతం చెప్పే కణాల దారులు గీసి చూపించాలి. పై చీలికలోంచి వచ్చిన కణం తెర పై సగంలోనే పడుతుందనీ, అయినా వ్యతికరణ పట్టీలు (అలలు కలిసినప్పుడు వచ్చేలాంటి చారలు) ఏర్పడతాయనీ విద్యార్థులు కళ్లారా చూస్తారు.