సొంత ఓడ లేని షిప్పింగ్ కంపెనీలో చేరొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం పూర్తిచేశాడు. విశాఖలో పదిహేను మంది పనిచేసే ఫ్రైట్ ఫార్వర్డింగ్ కంపెనీలో డాక్యుమెంటేషన్ ఉద్యోగం వచ్చింది. "కంపెనీ ఎదుగుతోంది నాన్నా" అంటాడు. చూస్తే సొంత ఓడ లేదు, లారీ లేదు, గోదాము లేదు. నమ్మి పంపొచ్చా?
– ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: ఓడ లేదని కంగారు పడకండి. ఎగుమతిదారుడి సరుకుకి షిప్పింగ్ లైన్ దగ్గర చోటు బుక్ చేయడం, కస్టమ్స్ పని చూడటం, అవతలి దేశంలో ఏజెంటు ద్వారా డెలివరీ ఇప్పించడం, ఇదే ఫార్వర్డర్ పని. ఈ రంగంలోని దిగ్గజం క్యూనే ప్లస్ నాగెల్ కూడా 1890లో జర్మనీలోని బ్రెమెన్‌లో ఇద్దరు భాగస్వాములతో మొదలైందే.

మీరు అడగాల్సింది కంపెనీ చేతిలో నగదు ఎలా ఉందని. సాధారణంగా ఓడ కిరాయి కడితేగానీ షిప్పింగ్ లైను బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు అందుకున్నట్టు ఇచ్చే రసీదు, అవతల సరుకు విడిపించుకోడానికి చూపేదీ ఇదే) ఇవ్వదు. కస్టమరేమో నెలకో, రెండు నెలలకో ఇస్తాడు. ఆ మధ్య కాలమంతా డబ్బు ఫార్వర్డరే పెట్టుకోవాలి. అందుకే ఆర్డర్లు పెరిగేకొద్దీ చేతిలో డబ్బు ఆడదు. లాభాల్లో ఉన్న చిన్న కంపెనీలు జీతాలు ఆలస్యం చేసేది చాలాసార్లు ఇక్కడే. జీతాలు ఏ తారీఖున పడుతున్నాయో అక్కడి పాత ఉద్యోగిని అడగమనండి. కస్టమర్లు ఎంతమందో, ఏ సరుకో కూడా తెలుసుకోమనండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మన రొయ్యల ఎగుమతిదారులకు ఎంత టెన్షన్ అయిందో మీకూ తెలుసు. ఒకే సరుకు, ఒకే దేశం మీద బతికే ఫార్వర్డర్‌కీ అదే గండం.

ఇక నేర్చుకునే విషయంలో నేను చిన్న కంపెనీకే ఓటేస్తాను. పెద్ద కంపెనీలో కొత్తవాడికి ఎక్కువగా ఒకే ముక్క పని దొరుకుతుంది. ఇక్కడ బుకింగ్ నుంచి డెలివరీ దాకా మొత్తం కళ్లముందే నడుస్తుంది. మీవాడు చేయబోయే పనే చూడండి. బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్టులో కొనుగోలుదారు పేరు ఎల్‌సీలో (కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బిస్తానని బ్యాంకు ఇచ్చే హామీపత్రం) ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. తేడా వస్తే బ్యాంకు డబ్బు ఆపేయొచ్చు. కాగితాలు తేలేదాకా మైనస్ 18 డిగ్రీల్లో ఉంచాల్సిన రొయ్యల కంటైనర్ అవతలి పోర్టులో ఆగిపోతుంది. ఉచిత గడువు దాటితే డెమరేజ్ (కంటైనర్ పోర్టులో ఉండిపోయినందుకు రుసుము), కరెంటు చార్జీలు రోజురోజుకీ పెరుగుతాయి. ఈ తప్పు పట్టుకోగల కుర్రాణ్ని ఏ యజమానీ వదులుకోడు.

కంపెనీకి సొంత కస్టమ్స్ బ్రోకర్ లైసెన్సు, అంటే ఎగుమతిదారుల తరఫున కస్టమ్స్ పని చేసే అనుమతి, ఉందా? ఇది తప్పక అడగాలి. ఉంటే మీవాడు పరీక్ష రాసి జీ కార్డు (బ్రోకర్ ఉద్యోగిగా కస్టమ్స్ పని చేయడానికి ఇచ్చే గుర్తింపు కార్డు) తెచ్చుకోవచ్చు. డిగ్రీ ఉన్నవాళ్లు జీ కార్డుతో రెండేళ్లు పనిచేశాక బ్రోకర్ లైసెన్సు పరీక్షకి అర్హులవుతారు. చేతిలో లైసెన్సు ఉంటే ఏ పోర్టులోనైనా గిరాకీ ఉంటుంది. లైసెన్సు లేని కంపెనీ అయితే ఈ దారి మూసుకున్నట్టే, జీతం కొంచెం ఎక్కువిచ్చినా మరోచోట చూసుకోమంటాను.

జీతాలు వేళకి పడుతూ, లైసెన్సు ఉంటే మాత్రం నిశ్చింతగా పంపండి. ఓడ కటాఫ్ (సరుకు, కాగితాలు అప్పగించే ఆఖరి గడువు) ఉన్న రోజు ఇంటికి రావడం ఆలస్యమవుతుంది, ఆ మాట ఇంట్లో అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.