పొద్దున లేచి కాలు కింద పెట్టగానే మడమ నొప్పి ఎందుకు?

సింహాచలం గిరి ప్రదక్షిణ చేసి వచ్చినప్పటి నుంచి పొద్దున్నే మడమ పోటు అని మీరు అంటున్నారు. 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిస్తే, మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఉండే పట్టీలాంటి కణజాలం బాగా ఒత్తిడికి గురవుతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది ప్లాంటార్ ఫేషియైటిస్‌లాగే (ఆ పట్టీ దెబ్బతిని నొప్పి పుట్టడం) ఉంది. ఆ పట్టీ రాత్రంతా బిగుసుకుపోతుంది కాబట్టి మొదటి నాలుగడుగులే ప్రాణం తీస్తాయి.

పాదాల డాక్టర్లు దీనికి ముందే ఆపరేషన్ మాట ఎత్తరు. మంచం దిగకముందే కాలి వేళ్లను చేత్తో మీ వైపు లాగి అర నిమిషం పట్టుకోండి. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాను అరికాలి కింద దొర్లించండి. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోండి, మార్బుల్ గచ్చు మీద ఉత్త కాళ్లతో తిరగొద్దు. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. తగ్గకపోతే ఇన్‌సోల్స్ (చెప్పుల్లో పెట్టుకునే మెత్తలు), ఫిజియోథెరపీ, ఒక్కోసారి ఇంజెక్షన్.

మడమ నొప్పితో పాటు అరికాలిలో ఆనెకాయలు కూడా ఉంటే బ్లేడుతో కోయకండి, డాక్టరే చెక్కి తీస్తారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. మీకు షుగర్ ఉంటే స్పర్శ తగ్గి, బొబ్బ లేచినా తెలియకపోవచ్చు. రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాలు చూసుకోండి. పుండు కనిపిస్తే ఆ రోజే విశాఖలోని కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆస్పత్రి), దగ్గర్లోని ఆస్పత్రికో వెళ్లండి.