2010, 2013 బోర్డో బాటిళ్లలో ముందు ఏది తెరవాలి?

ఫ్రాన్స్ నుంచి వచ్చిన మీ బావగారు ఒకే షాతోకి (అంటే సొంత ద్రాక్షతోట ఉన్న వైన్ ఎస్టేట్‌కి) చెందిన రెండు రెడ్ వైన్ బాటిళ్లు, బోర్డో ప్రాంతంలోని పోయాక్ ఊరివి, ఇచ్చారని, ఒకటి 2010, ఇంకోటి 2013 అని రాశారు. ఏడాది మారితే రుచి నిజంగా మారుతుందా, హైదరాబాద్‌లో ఉన్న మీరు వీటిలో ఏది తాగాలి, ఏది దాచాలి అన్నది మీ ప్రశ్న.

ముందు 2013 తెరవండి. అది మంచిదని కాదు, దానికి ఇంకా ఆగే శక్తి లేదని. 2010ని చల్లటి చోట పెట్టగలిగితే ఇంకొన్నేళ్లు ఉంచవచ్చు.

నేను ఉద్యోగరీత్యా తులూజ్‌లో ఉంటాను. బోర్డో ఇక్కడికి రైల్లో రెండు గంటల దారి. ఒకే తోట వైన్‌ని వేర్వేరు సంవత్సరాలవి వరసగా పెట్టి రుచి చూపిస్తుంటారు. వాటికి ఏళ్లుగా వెళ్తున్నాను. ద్రాక్ష అదే, నేల అదే, చాలాసార్లు చేసే మనిషీ అదే. అయినా రెండు గ్లాసులు రెండు వేరే తోటలవేమో అనిపిస్తాయి. తేడా అంతా వాతావరణానిదే. బోర్డో అట్లాంటిక్ సముద్రం పక్కన ఉంటుంది, ఎప్పుడు వాన పడుతుందో తెలియదు. పైగా ఫ్రాన్స్‌లో పేరున్న వైన్ ప్రాంతాల్లో కాపు మీదున్న ద్రాక్షతోటకి నీళ్లు పెట్టడానికి సాధారణంగా అనుమతి ఉండదు. ఆ ఏడు ఎంత వాన, ఎంత ఎండ అన్నది నేరుగా పండులోకి వెళ్తుంది.

2013లో వసంతకాలం చలితో, వానతో గడిచింది. పూత రాలిపోయింది, నిలిచిన గుత్తుల్లో కాయలు ఒకేలా ఎదగలేదు. కోతల వేళకి కుళ్లు మొదలయ్యేసరికి చాలామంది పూర్తిగా పండకుండానే కోసేశారు. అందుకే ఆ ఏటి వైన్లు పలచగా, పులుపు కాస్త ముందుకు వచ్చి ఉంటాయి. 2010 దీనికి పూర్తిగా వేరు. పొడి వేసవి, చల్లటి రాత్రులు, చిన్న కాయలు, మందమైన తొక్క. తీపి, పులుపు, వగరు మూడూ ఎక్కువ మోతాదులో వచ్చాయి. దానికి ముందు 2009 బాగా ఎండ కాసిన ఏడాది. ఈ రెండు జంట సంవత్సరాలని పక్కపక్కన రుచి చూస్తే మొదటి గుక్కలో అందరూ 2009నే ఇష్టపడతారు, మెత్తగా పండిన రుచి ఉంటుంది కాబట్టి. నేను మాత్రం 2010 వైపే. కుర్రతనంలో అది నోరు బిగించుకుని కూర్చుంది, ఇప్పుడు మంచి తోటలవి ఒక్కొక్కటిగా విచ్చుకుంటున్నాయి.

ఆ వగరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, పాత వైన్ విలువ కట్టడమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. నేరేడు పళ్లు తిన్నాక నాలుక, చిగుళ్లు పట్టేసినట్టు అవుతాయి కదా, రెడ్ వైన్‌లో టానిన్ చేసేది అదే. పోయాక్ వైన్లలో ఎక్కువ పాలు కాబెర్నే సోవిన్యాఁ ద్రాక్ష, దాని తొక్కలో ఇది దండిగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు ఒకదానితో ఒకటి, రంగు పదార్థాలతో కలిసి వగరు మెత్తబడుతుంది. కొంత అడుగున మడ్డిగా చేరుతుంది. అయితే అదే కాలంలో పండు రుచి కూడా తగ్గుతూ ఉంటుంది. వగరు మెత్తబడే నాటికి పండు ఇంకా మిగిలి ఉండాలి. పండు అయిపోయి వగరు మాత్రమే మిగిలిన వైన్ ఎన్నాళ్లు దాచినా ఇక బాగుపడదు. నేను గ్లాసు చేతిలోకి తీసుకుంటే ముందు వెతికేది ఈ లెక్కనే.

గ్లాసుని తెల్ల కాగితం మీదికి వంచి అంచు చూడండి. కొత్తది ఊదా, ఆ తర్వాత మాణిక్యపు ఎరుపు, ముదిరినది ఇటుక రంగు. 2013 అంచు మీ 2010 కంటే ముందే ఇటుక రంగుకి తిరిగి ఉంటే ఆశ్చర్యపోకండి. వాసనలో పోయాక్‌ది బ్లాక్‌కరెంట్, దేవదారు చెక్క, పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చే వాసన. చలి ఏడాదిలో పచ్చి క్యాప్సికం వాసన తగులుతుంది, అది సరిగా పండని కాబెర్నేకి గుర్తు. వయసు మీదపడితే తోలు, పొగాకు, ఎండుటాకులు, పుట్టగొడుగులు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం అది వయసు కాదు, కార్క్ దోషం, అంటే కార్క్ వల్ల వైన్ పాడైందని. ఇక గుక్క మింగాక రుచి ఎంతసేపు నిలుస్తుందో గమనించండి. ఎక్కువసేపు నిలిచి, చివర చేదు కాకుండా పండే మిగిలితే అది మంచి వైన్.

రెండూ ఒకే రోజు తెరిస్తే 2013 ముందు తాగండి. 2010 వగరు నోటిని కప్పేశాక 2013లో ఏమీ కనిపించదు. అదే కారణంతో బాగా పాతవీ కొత్తవీ కలిసి ఉన్నప్పుడు, కొత్తదాని వగరు పాతదాని సున్నితమైన రుచిని కప్పేయకుండా, నేను పాతదాని నుంచే మొదలుపెడతాను.

ఇంటర్నెట్‌లో దొరికే వింటేజ్ (ద్రాక్ష కోసిన ఏడాది) చార్టులు, నూటికి ఇన్ని మార్కులనే పట్టికలు చూసి బాటిల్ కొనకండి. బోర్డో అంతా ఒకే ముక్క కాదు. 1998లో డోర్డోన్ నదికి కుడివైపున ఉన్న సాంతెమిలియాన్, పొమెరోల్ ఊళ్ల వైన్లు గొప్పగా వచ్చాయి, ఎందుకంటే అక్కడి మెర్లో ద్రాక్ష ముందే పండి వానల కన్నా ముందే కోతకి వచ్చింది. జిరోంద్‌కి ఎడమవైపు, పోయాక్ ఉన్న మెడాక్‌లో కాబెర్నే వానలో చిక్కుకుంది. 1996లో మెడాక్‌దే పైచేయి. 2003 వడగాడ్పుల ఏడాది కూడా అంతే, నీటిని పట్టి ఉంచే బంకమట్టి ఉన్న సాంతెస్తెఫ్ (పోయాక్ పక్క ఊరు) తోటలు చాలావాటికన్నా బాగా తట్టుకున్నాయి. 2017 ఏప్రిల్ చివర్లో మంచు చిగుళ్లని మాడ్చేసింది, జిరోంద్ నదీముఖానికి దగ్గరగా ఉన్న తోటలు మాత్రం చాలావరకు తప్పించుకున్నాయి.

ఇక మీ ఊరి సంగతి. వైన్‌కి 12 నుంచి 14 డిగ్రీల చీకటి చోటు కావాలి, బాటిల్ పడుకోబెట్టి ఉండాలి. హైదరాబాద్‌లో మే నెల ఎండలకి వంటింటి అల్మరాలో ఉంచితే 2010 అయినా జామ్‌లా ఉడికిపోతుంది. వైన్ ఫ్రిజ్ లేకపోతే దాచాలని పట్టుబట్టకండి, ఈ చలికాలంలోనే రెండోదీ తాగేయండి. తెరిచే ముందు కార్క్ పైకి తోసుకొచ్చిందా, మెడ దగ్గర కారిన జిగట ఉందా చూడండి. ఉంటే వేడి తగిలిందని అనుమానించాలి.

2010ని ఒక రోజు ముందే నిలబెట్టండి, మడ్డి కిందికి దిగుతుంది. మెడ కింద టార్చ్ వెలుగు పెట్టుకుని నెమ్మదిగా గాజు జగ్గులోకి వంచి, మడ్డి కనిపించగానే ఆపేయండి. ఒక గంటో రెండు గంటలో గాలి తగలనివ్వండి. 2013కి ఇదేమీ అక్కర్లేదు, గ్లాసులో పోసి తాగడమే. రెండింటినీ 16, 17 డిగ్రీల దగ్గర ఇవ్వండి. మన ఇళ్లలో 30 డిగ్రీల్లో ఉన్న బాటిల్ నుంచి పోస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప ఏదీ తెలియదు, గంటన్నరకి పైనే ఫ్రిజ్‌లో పెట్టండి.

తోడుగా కారం ఎక్కువున్న కూర వద్దు. కారంతో వగరు, ఆల్కహాల్ రెండూ మండినట్టు అనిపిస్తాయి. పోయాక్ వాళ్లు తమ వైన్‌తో గొర్రెపిల్ల మాంసం తింటారు. మీరు మటన్‌ని ఉప్పు, వెల్లుల్లి, కాస్త మిరియాలతో వేపుకుంటే చక్కగా కుదురుతుంది. మిగిలిన వైన్‌కి కార్క్ బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, 2013ని మర్నాటికే, 2010ని రెండు రోజుల్లో పూర్తి చేయండి.