బాప్తిస్మం తీసుకోకుండానే అమ్మ చనిపోయింది, ఆమెకు రక్షణ లేదా?

వందనాలు సిస్టర్. మీ అమ్మగారు ఏళ్ల తరబడి యేసుప్రభువును నమ్ముకుని కూడా, ఇంట్లో ఒప్పుకోకపోవడం వల్ల బాప్తిస్మం తీసుకోకుండానే పోయారనీ, సమాధి దగ్గరే ఒక పాస్టరుగారు "నీళ్లలో దిగలేదు గనుక రక్షణ లేదు" అన్నారనీ రాశారు. చదివి చాలా బాధేసింది. ఆ మాట అలా అనకూడదు, అక్కడ అసలే అనకూడదు. మీ అమ్మగారిని రక్షించేది ఆవిడ నమ్ముకున్న క్రీస్తే. నీళ్లు కాదు.

మాది ఒంగోలు. పుట్టిల్లు బాప్టిస్టు, అత్తిల్లు లూథరన్. మా వాళ్లు నమ్మినవాళ్లకే, అదీ ముంచే బాప్తిస్మం ఇస్తారు. అత్తగారి వైపు పసిబిడ్డకే నీళ్లు పోసి ఇస్తారు. మా పెద్దబ్బాయి పుట్టినప్పుడు దీని మీద రెండు ఇళ్ల మధ్య నెలల తరబడి వాదన నడిచింది. ఆ రోజుల్లోనే ఈ వాక్యాలన్నీ పట్టుకుని కూర్చున్నాను.

మీ పాస్టరుగారు మార్కు 16:16 చూపించి ఉంటారు. నమ్మి బాప్తిస్మం పొందినవాడు రక్షింపబడతాడని ఉంది, నిజమే. మరి రెండో సగంలో శిక్ష ఎవరికని ఉంది? నమ్మనివాడికి. బాప్తిస్మం పొందనివాడికి అని లేదు.

యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగ బాప్తిస్మం లేకుండానే పరదైసుకు వెళ్లిన సంగతి అందరూ చెబుతారు. నేను దాని మీద ఎక్కువ ఆధారపడను. ఎందుకంటే అవతలివాళ్లు "అప్పటికి ప్రభువు బాప్తిస్మం ఆజ్ఞ ఇంకా ఇవ్వలేదు కదా" అంటారు, అందులో న్యాయం ఉంది. నాకు గట్టిగా కనిపించేది అపొస్తలుల కార్యాలు 10వ అధ్యాయం. రోమా శతాధిపతి కొర్నేలీ ఇంట్లో అపొస్తలుడు పేతురు ఇంకా మాట్లాడుతుండగానే, విన్నవాళ్లందరి మీదికీ పరిశుద్ధాత్మ దిగాడు. అప్పటికి ఒక్కరూ నీళ్లు ముట్టలేదు. దేవుడు ముందే వాళ్లను అంగీకరించాడు. అయితే పేతురు "ఆత్మ వచ్చేశాడు, ఇక నీళ్లెందుకు" అని ఊరుకోలేదు, వెంటనే బాప్తిస్మం పొందమని ఆజ్ఞాపించాడు. ఆ రెండూ కలిపి చదవాలి.

అపొస్తలుల కార్యాలు 2:38 మాత్రం మా వైపు వాళ్లకు కష్టమైన వాక్యమే. పాపక్షమాపణ నిమిత్తం బాప్తిస్మం పొందండి అని సూటిగా ఉంది. మన దగ్గర క్రీస్తు సంఘం (చర్చ్ ఆఫ్ క్రైస్ట్) అనే శాఖవాళ్లు దాని మీదే నిలబడతారు, వాళ్లను తేలిగ్గా తీసిపారేయలేం. కానీ అదే పేతురు తన మొదటి పత్రిక 3:21లో, రక్షించేది ఒంటి మీది మురికి కడగడం కాదని తానే చెబుతాడు. బాప్తిస్మం అవసరమని గట్టిగా బోధించే కథోలికులు కూడా, జ్ఞానస్నానం కోరుకుని అది అందకముందే చనిపోయినవాళ్లకు రక్షణ ఉందనే అంటారు. 392లో రోమా చక్రవర్తి రెండో వాలెంటీనియన్, బాప్తిస్మం ఇమ్మని మిలాను బిషప్పు అంబ్రోసును అడిగి, అది పొందకముందే చనిపోయాడు. అక్కచెల్లెళ్లు మీలాగే కుమిలిపోతుంటే, అతను కోరుకున్న కృప అతనికి దొరికిందని అంబ్రోసు అంత్యక్రియల ప్రసంగంలోనే ఓదార్చాడు. సమాధి దగ్గర చెప్పవలసిన మాట అదీ.

మా ఒంగోలు చరిత్రే చూడండి. 1876-78 కరువులో మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి ఇచ్చారు. బాప్తిస్మం అడిగినవాళ్లను మాత్రం ఆపారు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం పంచడం ముగిశాకే ఇచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది. నీళ్లు లేకపోతే నరకమే అని నమ్మిన మనిషైతే, కళ్లెదుట జనం చచ్చిపోతున్న కరువులో అలా ఆపగలిగేవాడా?

మా పెదనాన్న చివరి రోజుల్లో ప్రభువును ఒప్పుకున్నాడు. ఆక్సిజన్ మీద ఉన్న మనిషిని ముంచడం ఎలా? మా పాస్టరుగారు మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసి, రొట్టె, ద్రాక్షారసం ఇచ్చారు. ఆయన రక్షణ గురించి మా ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు.

ఇక మీరు తీసుకోవాలా అని కూడా అడిగారు. తీసుకోండి. పైన చెప్పినదంతా వాయిదాకు సాకు కాదు. ప్రభువు ఆజ్ఞాపించాడు, నమ్మిన మీకు ఆ ఆజ్ఞకు లోబడే అవకాశం ఉంది. మన దగ్గర చాలామంది కులం సర్టిఫికెట్ భయంతో ఆగిపోతారని నాకు తెలుసు. క్రైస్తవ మతంలోకి మారితే ఎస్సీ హోదా పోతుందన్న 1950 ఉత్తర్వు ఇంకా ఉంది, ఆ భారం మోసేవాళ్లను నేను తీర్పు తీర్చను. మీకు ఆ ఇబ్బంది ఉంటే ముందుగా తెలిసిన లాయరుతో మాట్లాడుకోండి. నాన్నగారికి చాటుగా కాకుండా చెప్పే చేయండి, ఒప్పుకోకపోయినా సరే. బాప్తిస్మానికి వేరే సంఘం చూసుకోండి. మీరు ఒంగోలు రాగలిగితే మా సంఘంలో అడుగుతాను, నేను కూడా వచ్చి మీ పక్కన నిలబడతాను.