గోధుమ ఆలస్యంగా విత్తితే దిగుబడి ఎందుకు తగ్గుతుంది?

పంజాబ్, హర్యానాల్లో గోధుమకు నవంబర్ మొదటి మూడు వారాలు మంచి అదను. ఆ తర్వాత విత్తిన పైరుకు మార్చి ఎండే పెద్ద శత్రువు. డిసెంబర్, జనవరి చలిలో గోధుమ పిలకలు బాగా వేస్తుంది, ఫిబ్రవరిలో కంకి తీస్తుంది. ఆపైన గింజ పాలు పోసుకుని గట్టిపడేదాకా వాతావరణం చల్లగా ఉండాలి. డిసెంబర్ చివర్లో విత్తితే చలికి మొలకే నెమ్మదిగా వస్తుంది, పిలకలకు వ్యవధి చాలదు. గింజ నిండే వేళకు పగటి వేడి 30 డిగ్రీలు దాటేస్తుంది. పైరు గబగబా పండిపోయి, గింజ ముడుచుకుపోయి తేలికవుతుంది. 2022 మార్చి ఎండలకైతే సకాలంలో వేసిన చేలూ దెబ్బతిన్నాయి. ఆ మే నెలలో కేంద్రం గోధుమ ఎగుమతులనే నిషేధించింది!

అలాగని మామూలు రకాలను అక్టోబర్ మధ్యలోనే వేయకూడదు. వేడికి పిలకలు తగ్గుతాయి, కంకి ముందే వచ్చి మంచు దెబ్బ తగలొచ్చు.

వరి కోత ఆలస్యమైందని టెన్షన్ పడే రైతు దుక్కి కోసం ఆగకుండా, దున్నని నేలలోనే విత్తే జీరో టిల్ డ్రిల్ యంత్రంతో నేరుగా గోధుమ విత్తుకోవడం మేలు. ఆలస్యపు విత్తుకు తగిన రకం ఎంచుకుని, హెక్టారుకు 100 కిలోల బదులు 125 కిలోల విత్తనం వాడి, వరసలు దగ్గరగా వేస్తే పిలకల లోటు కొంత పూడుతుంది.