రెండో సీసా సంగతి ఏమైంది?

ప్రశ్న: గుంటూరు శివారులో మేము ముగ్గురం కలిసి నూలు అద్దకం యూనిట్ నడుపుతున్నాము. రంగునీరు పంటకాలువలోకి వదులుతున్నామని కాలుష్య నియంత్రణ మండలి మూసివేత ఉత్తర్వు ఇచ్చి, కరెంటు కూడా తీయించింది. ఉత్తర్వు చేతికంది 12 రోజులైంది. హైకోర్టుకు వెళితే స్టే వస్తుందా? 40 మంది కూలీలు మా మీదే ఆధారపడి ఉన్నారు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: గడువు నడుస్తోంది కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను. కరెంటు తీయించారంటే ఆ ఉత్తర్వు 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం 33-ఏ సెక్షన్ కింద ఇచ్చినదై ఉండాలి. దానిపై జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు, అంటే మనకైతే చెన్నై బెంచికి, ఉత్తర్వు అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ఆలస్యాన్ని మన్నిస్తారు, ఆపైన ఒక్క రోజు కూడా కుదరదు.

హైకోర్టులో రిట్ వేసే వీలు లేకపోలేదు. ట్రిబ్యునల్ వచ్చినంత మాత్రాన హైకోర్టుల అధికారం పోలేదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే అప్పీలు దారి ఉండగా ఇక్కడికెందుకు వచ్చారని అమరావతిలో మొదట అడుగుతారు. మామూలుగా మూసివేత ఉత్తర్వుకు ముందు మండలి మీకు అభ్యంతరాలు చెప్పుకోవడానికి కనీసం 15 రోజులతో నోటీసు ఇవ్వాలి. తీవ్రమైన హాని జరగబోతోందనుకుంటే, కారణాలు రాసిపెట్టి, ఆ అవకాశం లేకుండానే ఉత్తర్వు ఇవ్వవచ్చు. మీకు నోటీసూ అందక, ఆ కారణాలూ నమోదై లేకపోతే రిట్‌కు బలం ఉంటుంది.

అసలు వాదన నడిచేది మండలి అధికారులు మీ నీటిని పట్టిన నమూనా సీసాల మీద. అదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం వారు విశ్లేషణకు పంపుతామని అక్కడికక్కడే నోటీసు ఇచ్చి, మీ ఎదుటే నీటిని రెండు భాగాలు చేసి, రెండు సీసాలకూ సీలు వేసి, ఇరువైపులా సంతకాలు చేయాలి. ఆ పద్ధతి తప్పితే ఫలితం సాక్ష్యంగా చెల్లదు. మీరు కోరితే రెండో సీసాను కూడా ప్రయోగశాలకు పంపుతారు. చాలాచోట్ల అధికారులకు టీ తెప్పించే హడావిడిలో గుమాస్తా సంతకం పెట్టేస్తాడు, రెండో సీసా మాట ఎవరూ ఎత్తరు.

కూలీల ఉపాధి ఒక్కటే చూపితే స్టే రావడం కష్టం. 1987లో కాన్పూరు తోళ్ల శుద్ధి కర్మాగారాల కేసులో, నిరుద్యోగం కంటే ప్రజల ప్రాణం, ఆరోగ్యం, పర్యావరణం ముఖ్యమని సుప్రీంకోర్టు చెప్పింది. శుద్ధి ప్లాంటు బాగుచేయించిన రసీదులు, బీఓడీ (నీటిలోని మురికిని కుళ్లించడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్) లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటలేదని చూపే కొత్త నివేదిక ఉంటే అప్పీలుకు జతచేయండి. మీ ఉత్తరంలో ఆ ప్లాంటు ఊసే లేదు. రంగునీరు కాలువలోకి వెళ్లలేదని కూడా మీరెక్కడా రాయలేదు. వకీలు మొదట అడిగేది అదే.