మా ఓనరావిడ తాతమ్మ ఓ మార్మన్ ఇంటికి రెండో భార్య: నేను విన్నవి, చూసినవి

పాతకాలం మార్మన్ల (అమెరికాలో పుట్టిన ఓ క్రైస్తవ శాఖ వాళ్ళు) ఇళ్ళల్లో ఇద్దరు ముగ్గురు భార్యలు ఒకే ఇంట్లో ఎలా సర్దుకునేవారు, సవతి పోరు ఉండేది కాదా అని అడిగారు. నేను మార్మన్‌ని కాదు గానీ, మార్మన్ల కేంద్రమైన సాల్ట్ లేక్ సిటీలో (అమెరికాలోని యూటా రాష్ట్రం) నాలుగేళ్ళు ఓ పెద్దావిడ బేస్‌మెంట్‌లో అద్దెకున్నాను, ఆవిడ తాతమ్మ ఓ రైతుకి రెండో భార్య.

ముందు, అందరూ ఒకే ఇంట్లో ఉండేవారనుకోకండి. అప్పటి మార్మన్ల నాయకుడు బ్రిగమ్ యంగ్‌కి చరిత్రకారుల లెక్కలో 55 మంది భార్యలు, వాళ్ళలో కొందరి కోసం 1856లో కట్టించిన లయన్ హౌస్ డౌన్‌టౌన్‌లో ఇప్పటికీ ఉంది. కానీ ఒకరికి మించి చేసుకున్నవాళ్ళలో ఎక్కువమందికి ఇద్దరే. ఈ తాతమ్మ వాళ్ళకీ రెండిళ్ళు, మధ్యలో ఓ పొలం. పిల్లలు తండ్రి రెండో భార్యని ‘ఆంట్’ అనేవారట, మనం పిన్ని అన్నట్టే.

అసలు కష్టాలు 1882 తర్వాత మొదలయ్యాయి. ఆ ఏడాది అమెరికా ప్రభుత్వం తెచ్చిన ఎడ్మండ్స్ చట్టం ప్రకారం పెళ్ళి రుజువు చెయ్యక్కర్లేదు, ఇద్దరితో కాపురం చేస్తున్నాడని తేలితే చాలు, ఆరు నెలల దాకా జైలు, 300 డాలర్ల దాకా జరిమానా. దాంతో రెండో భార్యే సాక్ష్యం అయిపోయింది, ఆవిడ కడుపుతో కనిపిస్తే కేసే. అందుకే ఈ తాతమ్మని పురుడుకి వేరే ఊరు పంపేశారు, పుట్టింటి పేరుతోనే బతికింది, ఎవరైనా నీ నాన్నెవరని అడిగితే తెలీదని చెప్పాలని పిల్లలకి నేర్పింది. ఆవిడ భర్త చివరికి దొరికాడు. అప్పటి జైలు ఉన్న చోటే ఇప్పుడు షుగర్ హౌస్ పార్క్, నేను మా పాపని బాతులు చూపించడానికి తీసుకెళ్ళేది అక్కడికే, ఆ సంగతి తెలిశాక అక్కడ నడుస్తుంటే ఏదోలా ఉండేది.

సవతి పోరు సంగతంటారా, పెద్దభార్య మనవలు వేయించిన కుటుంబ పుస్తకంలో ‘సొంత అక్కచెల్లెళ్ళలా ఉండేవారు’ అని రాశారు, ఆ పుస్తకంలో ఈ తాతమ్మకి దక్కింది పేజీన్నర. నేనైతే నమ్మలేదు. ఓనరావిడ వాళ్ళమ్మ చెప్పిందాని ప్రకారం ఇద్దరూ ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదు, ఆయన జైల్లో ఉన్నన్నాళ్ళు మాత్రం ఆవుల్ని ఒకే కొట్టంలో కట్టి, వెన్న అమ్మిన డబ్బులు సగం సగం పంచుకున్నారు.

1890లో మార్మన్ చర్చి అధ్యక్షుడు విల్‌ఫర్డ్ వుడ్రఫ్ కొత్త బహుభార్యత్వ పెళ్ళిళ్ళు వద్దని ప్రకటించాడు. మరి అప్పటికే ఉన్న భార్యల మాటేమిటి? దాని గురించి అందులో తిన్నగా ఏమీ లేదు. ఈ తాతమ్మకి మాత్రం ఆయన రాకపోకలు తగ్గిపోయాయి, ఖర్చులకిచ్చేదీ తగ్గింది.

ఓసారి ఓనరావిడ నన్ను మార్మన్ల పెద్ద గుడి ఉన్న టెంపుల్ స్క్వేర్ పక్కనున్న ఫ్యామిలీ హిస్టరీ లైబ్రరీకి (వంశవృక్షాల లైబ్రరీ, ఇప్పుడు పేరు ఫ్యామిలీసెర్చ్ లైబ్రరీ) తీసుకెళ్ళింది, ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. 1890 జనాభా లెక్కలు దాదాపు అన్నీ 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంతో పోయాయి, అంటే వీళ్ళు దాక్కున్న ఆ కాలానికి కాగితమే లేదు. 1900 లెక్కల్లో తాతమ్మ దొరికింది, ఆవిడ పేరు ఎదురుగా ‘వితంతువు’ అని ఉంది. రెండు పేజీలు తిప్పితే అదే ఊళ్ళో ముసలాయన, పెద్దభార్యతో, నిక్షేపంగా బతికే ఉన్నాడు. ఓనరావిడ ముందు పడీపడీ నవ్వింది, తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ పేజీ రెండు కాపీలు తియ్యమంది, ఒకటి ఆ కుటుంబ పుస్తకంలో పెట్టడానికి.